లావు గీత దగ్గర గవ్వ

బాండుంగ్ పక్కన చిమాహిలో ఒక ఇల్లు. ఆదివారం, భోజనాల వేళకు కాస్త ముందు. టేబుల్ దగ్గర అత్తగారు, పెద్దకోడలు.

“తీసి పారెయ్యమని నేననలేదు అత్తయ్యా. మడిచి పక్కన పెట్టమంటున్నాను.”

“మడిస్తే గీతల మీద మడత పడుతుందట ఇమాస్. రేపు మీటింగులో గోడకి తగిలించాలట.”

“అయితే చుట్ట చుట్టమనండి.”

“చుడితే మూలలు లేస్తాయట.”

“అట, అట. రెస్తి ఏమన్నా మీ నోట్లో ‘అట’ అయిపోతుంది. మూడు రోజులైంది మనం ఈ టేబుల్ మీద ముద్ద తిని. శుక్రవారం చాప, శనివారం చాప. ఇవాళా చాపేనా?”

“చాప మీద అరిటాకు పరుచుకుని తినడం మనకేం కొత్త? చుట్టాలొస్తే అట్లాగే తింటాం కదా.”

“చుట్టాలొచ్చినప్పుడు తింటే సరదా. చిన్నకోడలి కాగితానికి చోటివ్వాలని తింటే...”

“తింటే?”

“ఏం లేదు. చేపలకి పసుపు పట్టించారా?”

“పట్టించాను. తింటే ఏమిటో చెప్పు.”

“నేను ఈ ఇంటికొచ్చి పన్నెండేళ్ళు. వచ్చినప్పట్నుంచీ ఇదే ఉద్యోగం, ఇవే బొమ్మలు. ఎక్కడ గీసేదాన్నో గుర్తుందా మీకు?”

“ఎందుకు లేదు? ఇస్త్రీ బల్ల మీద.”

“ఇస్త్రీ బల్ల మీద! ఈ చివర మామయ్య చొక్కాలు, ఆ చివర నా కాగితాలు. కడుపులో ఫజర్. కూర్చుంటే బల్ల అందదు, నిలబడితే కాళ్ళు వాపు.”

“అప్పుడు ఈ టేబుల్ మీద నా కుట్టుమిషను ఉండేది కదమ్మా.”

“ఉండేది. రెస్తి కాపురానికొచ్చిన ఎనిమిదో నెలలో అది వరండాలోకి నడిచెళ్ళింది. దానికి కాళ్ళున్నాయని నాకప్పుడే తెలిసింది.”

“నువ్వు అడగలేదు.”

“అడగనిచ్చారా?”

“సరేలే. ఆ పిల్ల కొట్టుకెళ్ళింది, వచ్చేస్తుంది. వినపడేలా అనకు.”

“వినపడితే ఏం? పరిచిన తీరు చూడండి. నా కుర్చీ ముందు పరిచింది! తన కుర్చీ అటు కదా. అటువైపు పరుచుకోవచ్చుగా? పొద్దున కాఫీ తాగుదామని కూర్చుంటే కళ్ళ ముందు ఇదే. పడుకోబోయే ముందూ ఇదే.”

“నేనూ అన్నాను, అటు జరుపుతానని. ‘వద్దత్తయ్యా, అక్క కుర్చీ వైపే ఉండనివ్వండి’ అంది.”

“అంది కదూ? నా మొహం ముందు పెట్టి చూపించుకోవాలన్నమాట. ఇదిగో నా పెద్ద పని, ఇదిగో నా పెద్ద చదువు, అని.”

“నీకంత కుళ్ళెందుకే?”

“నాకేం కుళ్ళు?”

“రేపు మీ ఇద్దరి ఆఫీసులో ఏదో తేలుస్తారని దాదాంగ్ అన్నాడు. ఆసుపత్రి కంప్యూటర్లు మార్చే ఆ పనికి పెద్దగా నిన్ను పెడతారో దాన్ని పెడతారో రేపే తేలుతుందట. నిజమేనా?”

“మీ అబ్బాయికి నోరాగదు.”

“నిజమేనా?”

“నిజమే. మా సారు ఈ బొమ్మ చూసి తేలుస్తాడు. బొమ్మ బాగుంటే రెస్తి. బాగుండకపోతే... ఇంకెవరున్నారు, నేనే.”

“బాగుందా మరి?”

“ఏంటి?”

“బొమ్మ. నువ్వు చూశావుగా. పొద్దునా రాత్రీ కళ్ళ ముందు ఇదేనన్నావు.”

“నేనెందుకు చూస్తాను ఒకళ్ళ పని? కాఫీ తాగి లేచిపోతా.”

“మరి నాకు చదవడం నేర్పు.”

“ఇప్పుడా? పులుసు పొయ్యి మీదుంది.”

“సన్నమంట మీదుంది. నిన్న రెస్తి చెప్పబోయింది గానీ, పది మాటల్లో ఎనిమిది నాకు తెలియనివి. నువ్వయితే ఉల్లిపాయలు తరుగుతూ చెప్పినా అర్థమవుతుంది.”

“పొగడకండి. పొగిడితే టేబుల్ మీద కోపం పోతుందా?”

“ఒక్కసారి చెప్పవే. ఇన్నేళ్ళు నువ్వు ఏం గీశావో నాకు తెలీదు. నువ్వొచ్చిన కొత్తలో అది పనని కూడా తెలీదు నాకు. కాగితాల మీద ముగ్గులేస్తున్నావనుకున్నా. నీ దగ్గర తెలుసుకున్నాను, దాని దగ్గర జాగ్రత్తపడుతున్నాను. అదీ నా తప్పేనా?”

“...ఆ అలమార్లో వామనగుంటల పలక ఉంది చూడండి. గవ్వలు తీసుకురండి.”

“ఆటకా?”

“చదవడానికే. ఆసుపత్రి కంప్యూటర్ ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో చూపించే బొమ్మ ఇది. ఒక్క గవ్వ చాలు ముందు. ఈ నల్ల చుక్క మీద పెట్టండి. బయల్దేరే చోటు ఇది. గవ్వంటే ఆసుపత్రిలోకి అడుగుపెట్టిన మనిషనుకోండి. బాణం ఎటు చూపిస్తే అటే నడవాలి. దారి మధ్యలో దూకకూడదు, వెనక్కి రాకూడదు.”

“వామనగుంటల్లో కూడా దూకకూడదు. పెట్టాను. ఇప్పుడు?”

“పెట్టెలో ఏముందో చదవండి.”

“‘పేరు చెప్పి చీటీ తీసుకోవాలి.’ తీసుకుంది గవ్వ. తర్వాత ఇదేంటి, అడ్డంగా బొగ్గుతో గీసినట్టు, లావుగా?”

“అది లావు గీత. దాని కింద నుంచి రెండు బాణాలు బయల్దేరాయి కదా? అంటే ఒకేసారి రెండు పనులు జరుగుతాయి. ఇంకో గవ్వ తియ్యండి. ఒకటి ఇటు, ఒకటి అటు.”

“ఒక మనిషి ఇద్దరెట్లా అవుతాడే?”

“మనిషి కాదు, పని. మీరు పొయ్యి మీద అన్నం పెట్టి, అది ఉడికేలోపు రోట్లో మిరపకాయలు నూరరూ? అట్లాగ.”

“ఆహా. ఎడమవైపు గవ్వ కౌంటరు దగ్గరికెళ్ళింది. ‘కంప్యూటర్లో పేరుందో లేదో చూడాలి.’ కుడివైపుది... ‘రోగికి కుర్చీ చూపించాలి.’ అయ్యో, ఇది బాగుందే! కుర్చీ చూపించాలని కూడా రాసింది!”

“హు.”

“ఎందుకు మూతి తిప్పుతావు? ఎంత మంచి మనసుంటే ఆ మాట తడుతుంది!”

“కుర్చీ చూపించడం కంప్యూటర్ పనా అత్తయ్యా? పెద్ద చదువుల సోకులివి. చూసేవాళ్ళు అబ్బ ఎంత దయో అనుకోవాలి, అంతే. నడవండి, గవ్వ ఆగిపోయింది.”

“నువ్వు ఎన్నయినా అను, నాకు నచ్చింది. కుర్చీ తర్వాత ‘బీపీ చూడాలి.’ చూశారు. మళ్ళీ లావు గీత వచ్చింది. ఈసారి రెండు బాణాలు పైనుంచి వచ్చి దీంట్లో పడుతున్నాయి.”

“ఇక్కడ ఆగాలి. రెండు గవ్వలూ వచ్చేదాకా గీత దాటనివ్వదు. రెండూ వచ్చాయా? అయితే ఒకటి తీసేసి ఒక్కదాంతో ముందుకెళ్ళండి.”

“అన్నం అయ్యి, పచ్చడీ అయితేనే వడ్డన.”

“అంతే.”

“ఇంతేనా నీ ఉద్యోగం? నాకూ ఇస్తారా?”

“ఇవ్వరు. మీరు ప్రశ్నలు ఎక్కువడుగుతారు.”

“ఇప్పుడు పేకాటలో డైమను ముక్కలాంటి గుర్తొచ్చింది. ‘పాత రోగేనా?’ అని రాసుంది. అవును, కాదు. రెండు బాణాలున్నాయి, ఇంకో గవ్వ తియ్యనా?”

“తియ్యకూడదు. డైమను దగ్గర గవ్వ రెండవ్వదు. ఏదో ఒక దారే. వానొస్తే గొడుగు, ఎండైతే టోపీ. రెండూ పెట్టుకుని ఎవరూ వెళ్ళరు.”

“నేను పాత రోగినే కదా. ‘అవును’ వైపు వెళ్తాను. ‘పాత ఫైలు వెతకాలి.’ దొరికింది. అటువైపు ఏముంది? ‘కొత్త ఫైలు తెరవాలి.’ అది నాకక్కర్లేదు. బాణం వెంట నడిచాను. మళ్ళీ లావు గీత. ఇమాస్...”

“పులుసు పొంగుతున్నట్టుంది.”

“పొంగట్లేదు. ఇమాస్, లావు గీతలోకి రెండు బాణాలొస్తున్నాయి. ఒకటి పాత ఫైలు నుంచి, ఒకటి కొత్త ఫైలు నుంచి.”

“ఆఁ.”

“రెండు గవ్వలూ వచ్చేదాకా దాటనివ్వదన్నావు.”

“అన్నాను.”

“నా దగ్గర ఒక్కటే ఉంది. అటునుంచి రెండోది రాదు కదా?”

“ఆట అయిపోయిందత్తయ్యా. గవ్వలు తీసెయ్యండి, మగవాళ్ళు పావురాల పందెం నుంచి వచ్చేస్తారు.”

“అయిపోవడమేంటి? డాక్టరు గది గీత కిందే ఉంది. మందులు ఆ కిందున్నాయి. నా గవ్వ గీత మీదే నిలబడి ఉంటే మందులెవరిస్తారు?”

“ఎవరూ ఇవ్వరు.”

“ఎప్పటికీనా?”

“ఎప్పటికీ. రాని గవ్వ కోసం అక్కడే నిలబడుతుంది. అక్కడ లావు గీత గీయకూడదు. డైమనుతో విడిపోయిన దారుల్ని డైమనుతోనే కలపాలి. ఏది వచ్చినా వదిలిపెడుతుంది.”

“అయితే బొమ్మ తప్పు.”

“తప్పే.”

“ఉల్లిపాయ తరుగుతూ, చూడకుండానే చెప్పేశావు. ఎప్పుడు చూశావు?”

“ఈ ఉల్లిపాయ మహా ఘాటుగా ఉంది.”

“ఇమాస్, నిన్నే.”

“శుక్రవారం.”

“ఇవాళ ఆదివారం.”

“ఇవాళ ఏ వారమో నాకు తెలుసు.”

“మూడు రోజులూ దాంతో ఒకే గిన్నెలోంచి వడ్డించుకున్నావు. నిన్న అది నీకు తలనొప్పని నూనె రాసింది. చెప్పలేదు.”

“నన్నడిగిందా? ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా ‘అక్కా ఇది చూడండి’ అందా? పరుచుకుంది, మురిసిపోయింది. ఆఫీసులో అందరూ ‘రెస్తి బొమ్మ, రెస్తి బొమ్మ’. ఇంట్లో మీరు ‘రెస్తికి చోటు, రెస్తికి వెలుతురు’. చేప నడుం ముక్క దానికి, తోక నాకు!”

“తోక నీకిష్టమని కదే...”

“నాకెప్పుడూ ఇష్టం లేదు! వచ్చిన కొత్తలో మిగిలింది తిన్నాను. మీరు ఇష్టమనుకున్నారు.”

“పన్నెండేళ్ళూనా?”

“పన్నెండేళ్ళు. కుళ్ళంటారా, కుళ్ళే. రేపు అందరి ముందు ఆ గీత దగ్గర దాని నోరు ఆగిపోతే చూడాలనుంది నాకు. ఒక్కసారి. తర్వాత నేనే వెళ్ళి సరిచేసేదాన్ని.”

“తర్వాత.”

“అట్లా చూడకండి అత్తయ్యా.”

“నేను నిన్ను చూడట్లేదే. ఈ గవ్వని చూస్తున్నాను. ఇది నాకెక్కడో తెలిసినట్టుంది. మా ఆసుపత్రిలో కంప్యూటరు ఇట్లాగే ఆగిపోతుంది.”

“ఏ ఆసుపత్రి?”

“నేను బీపీ మాత్రలకి నెలనెలా వెళ్ళేది. కౌంటర్లో పిల్ల నా పాత ఫైలు తీస్తుంది. తీశాక, ‘అమ్మా, ఇది కదలట్లేదు, కాసేపుండండి’ అని నా పేరుతోనే ఒక కొత్త ఫైలు తెరుస్తుంది. అప్పుడు కదులుతుంది. పాతదీ కొత్తదీ రెండూ ఉండాలేమో, అందుకని. అక్కడ నేను ఓనిహ్, ఓనిహ్ రెండు, ఓనిహ్ మూడు... కిందటి నెల నూట పద్నాలుగు. వెళ్ళిన ప్రతిసారీ కొత్తగా పుడతాను. డాక్టరేమో ఖాళీ ఫైలు చూసి, ‘బీపీ ఎప్పట్నుంచమ్మా’ అంటాడు ప్రతి నెలా.”

“ఈ బొమ్మ ఆ ఆసుపత్రిదే.”

“అయితే రెస్తి తప్పు గీయలేదు. అక్కడున్నది ఉన్నట్టు గీసింది.”

“ఉన్నదా? ఉన్నదంటే... అది మా ఆఫీసులో హెండ్రా చేసిన పాత పని. పదకొండేళ్ళ కిందటిది. హెండ్రా అంత మొద్దు కాదే, ఇట్లాంటి గీత గీయడానికి.”

“అత్తయ్యా, రొయ్యల ముద్ద మంచిది దొరకలేదు, పక్క వీధి దాకా వెళ్ళొచ్చాను. అక్కా, కొత్తిమీర ఇదిగో. ఏంటి, బొమ్మ మీద గవ్వలున్నాయి?”

“రా రెస్తీ. మీ అక్క నాకు చదవడం నేర్పింది. నా గవ్వ ఇక్కడ ఆగిపోయింది.”

“...తెలుసత్తయ్యా.”

“తెలుసా?”

“తెలుసక్కా.”

“తెలిసి ఉంచావా? తెలిసి, మూడు రోజులు టేబుల్ మీద పరిచి...”

“ముందు అన్నాలు తిందాం అక్కా. తర్వాత మాట్లాడుకుందాం.”

“తర్వాత కాదు, ఇప్పుడు. తప్పని తెలిసి ఎందుకుంచావు? నేను పట్టుకుంటానో లేదో చూద్దామనా? వట్టి పాలిటెక్నిక్ చదివిన నా కంటికి కనిపిస్తుందో లేదో అనా?”

“కాదు.”

“మరి?”

“మీరు పట్టుకోవాలని. పట్టుకుంటారని. అందుకే మీ కుర్చీ ముందు పరిచాను.”

“ఎందుకు?”

“వద్దక్కా. సరిచేసేద్దాం, పెన్సిలుంది. ఎందుకన్నది వదిలెయ్యండి.”

“రెస్తీ, నా చేతిలో కత్తుంది. చెప్పు.”

“కత్తి పక్కన పెట్టు ఇమాస్. నువ్వు చెప్పవే.”

“...నా సంచిలో ఒక కాగితం ఉంది. ఆఫీసు బీరువాలో పాత కట్టలో దొరికింది. ఇదిగో. చూడండక్కా.”

“ఏంటిది? ఇది... ఈ మూల ఏంటి, కాలింది?”

“ఇస్త్రీ పెట్టె ముక్కు పడినట్టు లేదూ?”

“ఇమాస్, ఇది మన...”

“ఉండండత్తయ్యా. ఇది... హెండ్రాకి నేనిచ్చిన చిత్తు. కాన్పు సెలవుకి వెళ్ళే ముందు రోజు. ఫజర్ కడుపులో ఎనిమిదో నెల.”

“హెండ్రాగారు దీన్ని కదపలేదక్కా. మీరెట్లా గీస్తే అట్లాగే కంప్యూటర్‌కి ఎక్కించారు. మీ పెట్టెలు, మీ బాణాలు. ఆ గీత కూడా.”

“రెండు దారులు కలిశాయి కదాని గీత గీసేశాను... అప్పటికి నాకు తెలీదు. ఉద్యోగంలో చేరి ఏడాదే. ఆ తర్వాత రెండు మూడొందలు గీశాను, ఇది... నేను మర్చేపోయాను.”

“మూలన మీ పేరు కూడా ఉంది. చేత్తో రాసింది.”

“ఆ కుర్చీ పెట్టె?”

“అదీ మీదే. ‘రోగికి కుర్చీ చూపించాలి.’ ఇదిగో చూడండి, మీ చేతిరాత. సారు దాన్ని తీసెయ్యమన్నారు, కంప్యూటర్ పని కాదని. నేను తియ్యలేదు.”

“పెద్ద చదువుల సోకన్నావు కదే, ఇందాక.”

“అత్తయ్యా, ప్లీజ్.”

“నేనేమన్నా? ఆ వేళ నువ్వు నిలబడి గీస్తున్నావు. నీ కాళ్ళు వాచాయి. ఊళ్ళో రోగులకి కుర్చీ వేశావు. నీకు మాత్రం ఈ ఇంట్లో ఎవరూ వెయ్యలేదు. నేను వెయ్యలేదు.”

“రేపు పాతదీ కొత్తదీ పక్కపక్కన గోడకి తగిలిస్తారక్కా. ఆసుపత్రి వాళ్ళు పెద్దాళ్ళందరూ వస్తారు. నేను నా దాంట్లో గీత మార్చేస్తే, ఇదెందుకు మారిందని అడుగుతారు. పాతదాంట్లో మీ పేరు కనిపిస్తుంది. అదీ, ఎవర్ని పెద్దగా పెట్టాలో తేల్చే రోజు. నా నోటితో ఎట్లా చెప్పను? మీరే చూసి, మీరే దిద్ది, ‘నా పాత తప్పు, నేనే పట్టుకున్నాను’ అంటే అది వేరేగా ఉంటుంది కదా.”

“నా చెవిలో చెప్పొచ్చుగా.”

“పెళ్ళైన మూడో వారం, పులుసులో ఉప్పు కాస్త ఎక్కువైందక్కా అన్నాను. పదహారు రోజులు మీరు నాతో మాట్లాడలేదు.”

“పదహారు లెక్కపెట్టావా?”

“ఉప్పుకే పదహారైతే దీనికి ఎన్నో అనుకున్నాను.”

“ఇమాస్, నవ్వొస్తే నవ్వు. ముక్కు అదురుతోంది.”

“నవ్వు కాదత్తయ్యా. ఒళ్ళు మండుతోంది. పన్నెండేళ్ళ అనుభవం, మూడు రోజులు ఆ గీతని చూసి లోపల్లోపల పండగ చేసుకున్నాను. రేపు దాని పరువు పోతుందని. ఆ పరువు నాది! ఇదేమో నన్ను కాపాడబోయింది. అది ఇంకా మంట. తిట్టి ఉంటే బాగుండేది.”

“నాకు మీరంటే మంటక్కా.”

“ఏంటి?”

“చేరిన రోజు సారు ఒక బొమ్మ ఇచ్చి, ‘ఇమాస్ గీసింది, వాకిలి కాపలావాడికి కూడా అర్థమవుతుంది, ఇట్లా నేర్చుకో’ అన్నారు. అప్పట్నుంచీ ప్రతి బొమ్మకీ ఇదే మాట. నా దాంట్లో గీతలు కరెక్టుగా ఉంటాయి, మనుషులుండరట. కుర్చీ పెట్టె నాకు వందేళ్ళు బతికినా తట్టదు. ఇది దొరికినప్పుడు, ఇందులో ఈ తప్పు కనిపించినప్పుడు... నేనూ రెండు రోజులు పండగ చేసుకున్నానక్కా. ఊరికే ఎందుకు అబద్ధం చెప్పడం?”

“రెండు రోజులు.”

“బుధవారం, గురువారం. శుక్రవారం పొద్దున మీరు నాకు గొడుగిచ్చి తడుస్తూ వెళ్ళారు. ఆ సాయంత్రం తెచ్చి పరిచాను.”

“గొడుగా? చిల్లుదని ఇచ్చాను.”

“చిల్లు ఉంది. అయినా.”

“మీరిద్దరూ చెరో రెండు మూడు రోజులు కుళ్ళుకున్నారు. నేనేమో నెలనెలా ఆ గీత దగ్గర నిలబడ్డాను, నూట పద్నాలుగుసార్లు పుట్టాను. ఇప్పుడైనా ఎవరో ఒకరు నా గవ్వని దాటించండి.”

“పెన్సిలివ్వు రెస్తీ.”

“ఇదిగో అక్కా. రబ్బరు?”

“అక్కర్లేదు. గీతని కొట్టేస్తున్నాను, చెరపట్లేదు. పక్కన డైమను. కొట్టేసింది కూడా కనపడాలి రేపు. ఇప్పుడు జరపండత్తయ్యా.”

“దాటింది! డాక్టరు గదిలోకొచ్చింది. మందులు తీసుకుంది. చివర చుక్క చుట్టూ సున్నా చుట్టి ఉంది, ఇదేంటి?”

“అయిపోయిందని. ఇంటికెళ్ళిపోవచ్చని.”

“కూర్చుని వెళ్తుంది. కుర్చీ ఉంది కదా.”

“అమ్మా! ఆకలి! నాన్న పావురం రెండోదిగా వచ్చింది, తాతయ్యది ఇంకా రానేలేదు!”

“వచ్చేస్తుందిరా ఫజర్, నా పావురానికి తొందర లేదు. ఓనిహ్, వడ్డిస్తున్నావా? ఇవాళైనా టేబుల్ మీద తింటామా, నా మోకాళ్ళు చాప మీద మడవడం లేదు.”

“అవునమ్మా, మూడు రోజులైంది. రెస్తీ, నీ కాగితం తీసెయ్, వదినకి కోపమొస్తోందని అన్నయ్య దారంతా చెప్తున్నాడు.”

“యోగా, నేనెక్కడన్నాన్రా? ఇమాస్, నేనేం అనలేదు.”

“దాదాంగ్, మీరు కూర్చోండి. యోగా, నువ్వూ కూర్చో. మామయ్యా, మీరు నా కుర్చీ తీసుకుని గోడ వారగా వేసుకోండి, మీ పళ్ళెం అక్కడికే తెస్తాను. ఒక మాట చెప్పాలి, అందరూ వినండి. పెద్ద మాటేం కాదు.”

“ఏమైందే? ఉల్లిపాయలకా కళ్ళ నీళ్ళు?”

“ఉల్లిపాయలకే. ఆ ఆసుపత్రి కంప్యూటరు అత్తయ్యని నెలనెలా నిలబెట్టేది ఈ గీత దగ్గర. అది హెండ్రా గీసింది కాదు, రెస్తి గీసింది కాదు. నేను గీశాను. రేపు మీటింగులో రెస్తి పక్కన నిలబడి ఆ మాట నేనే చెప్తాను. ఆ తర్వాత పెద్దగా ఎవర్ని పెట్టుకుంటారో వాళ్ళిష్టం. రెస్తిని పెడితే నాకు కుళ్ళుగానే ఉంటుంది, ముందే చెప్తున్నాను, ఓ పదహారు రోజులు ఎవరూ నన్ను పలకరించకండి.”

“అక్కా...”

“నువ్వాగు. చేప నడుం ముక్క ఇవాళ నాకు వెయ్యి, తోక ఎవరికిష్టమో వాళ్ళు తినండి. ఫజర్, చాప పరువు నాన్నా. ఈ కాగితం ఇక్కణ్ణుంచి కదలదు. ఇవాళ్టి నుంచి ఈ టేబుల్ మీద నేనూ రెస్తీ ఇద్దరం గీస్తాం. ఇస్త్రీ బల్ల ఇంక బట్టలకే.”